పడుకున్న ఎనిమిది

తాళ్ళరేవు షెడ్డులో పడవ బోర్లా పడుకుని ఉంది.
రెజిన్ ఘాటు ముక్కులోంచి కళ్ళలోకి ఎక్కుతోంది.
గాజు నార దురదకి మోచేతుల దాకా
కొబ్బరినూనె రాసుకుంటూ
"నువ్వొచ్చావంటే పడవకి నరాలు వేసే రోజన్నమాట"
అంది నూకరత్నం.

అదే నా పని.
లైటుకో తీగ, జీపీయస్సుకో తీగ, బ్యాటరీకి రెండు.
సంచిలో పాత ముల్లు మీటరు,
సబ్‌స్టేషన్ తుక్కు వేలంలో కొన్నది.
దాని ఎడమ చివర అడ్డంగా పడుకున్న ఎనిమిది:
అంతు లేదని గుర్తు.

పడవ ఒంటికి రెండు మొనలూ ఆనించాను.
ముల్లు కదల్లేదు.
వెన్ను మీద, అంచు మీద, ముక్కు మీద,
ఎక్కడ అడిగినా అదే ఎనిమిది
కళ్ళు తెరవకుండా పడుకుని.
గాజుకి కరెంటు మీద ఆశ లేదు.
గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తుంది.

"ఎండిన కర్ర కాదంటుంది,
తడిసిన కర్ర సర్లే అంటుంది.
ఇదేంటయ్యా, తడిసినా కాదంటుంది!"
టేకు పడవలు కట్టిన భద్రాచారి
ఇప్పుడు అచ్చులకి మైనం రుద్దుతూ అన్న మాట.

పడమటి వడగాలి తోలే మధ్యాహ్నాల్లో
నార చుట్ట విప్పుతుంటే
నూకరత్నం ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి.
చిటుక్కుమంటుంది.
అసిటోన్ డబ్బా దూరం, దూరం, అని అరుస్తాను.
కదలడానికి దారి లేక
పిసినారి గాదెలో వడ్లలా
ఉన్నచోటే పోగవుతుంది అది.

మొన్న కాకినాడ నుంచి ఎవరో
పందెం పడవ కట్టమన్నారు, నల్ల నారతో.
కార్బన్. మీటరు గుడ్డ పట్టుచీర ఖరీదు.
మొనలు ఆనాయో లేదో
ముల్లు కుడిపక్కకి కూలబడింది, సున్నా ఒళ్ళోకి.
"దీని పక్కన అల్యూమినియం బోల్టు పెట్టకండి,
ఉప్పునీళ్ళు తగిలితే"
"ఏమవుద్దండీ?"
"బోల్టు పిండైపోద్ది. బొగ్గుకేమీ కాదు."
మధ్యలో ఒక్క పొర గాజు గుడ్డ వేయించాను,
గిట్టని ఇద్దరి నడుమ
బంతిలో కూర్చోబెట్టే మూడో మనిషిలా.

ఇదంతా తెలుసనుకున్నాను
భైరవపాలెం నుంచి పెసంగి అప్పన్న పడవ వచ్చేదాకా.
కాలలేదు. విరగలేదు.
జెండా కర్ర మీది ఏంటెన్నా మాత్రం లేదు.
నీటి గీత వెంట, వరసగా,
సూదితో పొడిచినట్టు చిల్లులు.
వేలు పెట్టి లెక్కపెట్టాను, ముప్ఫై ఏడు.
తర్వాత లెక్క తప్పింది.

పిడుగుకి పడవతో పని లేదు, నీళ్ళతో పని.
మధ్యలో పడవ కాదంది.
కాదన్న చోటల్లా చిల్లు.
ఇంజిను పట్టుకున్న కుర్రాడు సింహాద్రికి
ఎడమ చెవిలో ఇప్పటికీ ఈల ఆగలేదు.
ఏదడిగినా కుడిపక్కకి తిరిగి వింటాడు.

అప్పటినుంచి ప్రతి పడవకీ
జెండా కర్ర కొస నుంచి అడుగు దాకా
రాగి పట్టీ ఒకటి, ఎక్కడా మెలిక లేకుండా,
నీళ్ళలో మునిగేచోట పళ్ళెమంత రాగి రేకు.
"కనపడనిదానికి ఇంత రాగేంటండీ, ఆయ్"
అంటారు యజమానులు.
ఏం చెప్పను?
అప్పన్న పడవ షెడ్డు వెనకే ఉంది, చూసుకోండంటాను.

ఈ సాయంత్రం మడ అడవి మీద మబ్బు పట్టింది.
పట్టీ పైకొసకి ఓ మొన, రేకుకి ఓ మొన.
ముల్లు సున్నాకి వెళ్ళింది.
"ఆఖరికి సరే అందా?"
"అంది. ఒక్క దారిన."

నూకరత్నం మొనలు రెండూ లాక్కుని
చెరో గుప్పెట్లో బిగించింది.
మీటరు మర తిప్పాను.
ముల్లు కాస్త వణికి,
ఎనిమిదిని వదిలి, సున్నాని చేరక
నడుమెక్కడో నిలబడింది.
అరచేతుల్లో చెమట, నూనె, నార.

"ఓయ్ భద్రాచారీ," అని కేకేసింది,
"నేను నీ తడిసిన కర్రనేనంట!"